ఈ వయసులో బుర్రకెక్కదా? ఎక్కించుకునే పద్ధతి ఇదీ

"ఈ వయసులో నాకెక్కదండీ" అనే మాట నలభై దాటినవాళ్ళ నోట తరచూ వింటుంటాం. కొత్త భాష అన్నా, ఈత అన్నా, వాయిద్యం అన్నా ఇదే జవాబు. నేనూ అన్నవాణ్ణే. ఇరవై ఏళ్ళుగా రెండు వేళ్ళతో, కీబోర్డు వంక చూస్తూ టైపు చేస్తూ వచ్చినవాణ్ణి, నలభై ఏడో ఏట పది వేళ్ళతో చూడకుండా కొట్టడం నేర్చుకున్నాను. మొదట రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. తప్పు వయసుది కాదనీ, నేను సాధన చేసిన తీరుదనీ మెదడు గురించి చదివాకే తెలిసింది. ఆ దిద్దుకున్న పద్ధతినే అడుగులుగా రాస్తున్నాను. మీరు నేర్చుకోబోయేది టైపింగే కానక్కర్లేదు.

అడుగుల్లోకి వెళ్ళేముందు, బుర్రకెక్కడం అంటే లోపల ఏం జరుగుతుందో కాస్త చూద్దాం. ఇది తెలియకపోతే కింద చెప్పే సలహాల్లో సగం చాదస్తంలా అనిపిస్తాయి.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయి. ఒక న్యూరాన్ ఇంకోదానికి కబురు అందించే చోటును సినాప్స్ అంటారు. నేర్చుకోవడమంటే చాలావరకు ఈ సినాప్సుల్లో వచ్చే మార్పే. కలిసి పదేపదే పనిచేసే న్యూరాన్ల మధ్య సినాప్సు బలపడుతుంది, వాడనిది బలహీనపడుతుంది, కొన్ని పూర్తిగా పోతాయి, కొత్తవి పుడతాయి. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లోనే ఇలా జరుగుతూ ఉండాలని ఊహించాడు. 1973లో టిమ్ బ్లిస్, టెరియె లోమో అనే ఇద్దరు కుందేళ్ళ మీద దీన్ని చూపించారు. కాసేపు వేగంగా విద్యుత్ ప్రేరణ ఇస్తే, ఆ తర్వాత గంటల తరబడి ఆ సినాప్సులు ముందుకంటే బలంగా స్పందించాయి. దీనికి తోడు, బాగా వాడే నరాల తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చేరి సంకేతాల వేగం పెంచుతుంది.

వందేళ్ళ కిందట ఇదంతా పిల్లలకే అనుకున్నారు. న్యూరాన్ల గురించి మనకు తెలిసినదానికి పునాది వేసిన స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ అంతటివాడే, పెద్దవాళ్ళ మెదడులో నాడీ మార్గాలు ఖరారైపోయి ఉంటాయనీ ఇక మారవనీ రాశాడు. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతకు సైన్సు సంతకం పెట్టినట్టయింది.

ఆ సంతకాన్ని చెరిపేసినవాళ్ళలో లండన్ టాక్సీ డ్రైవర్లు కూడా ఉన్నారు. అక్కడ లైసెన్సు కావాలంటే దాదాపు 25,000 వీధులను, వాటి మధ్య దారులను మూడు నాలుగేళ్ళు కష్టపడి కంఠతా పట్టాలి. మెదడు శాస్త్రవేత్త ఎలినార్ మాగ్వైర్ బృందం 2000లో వాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి, దారులను గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే హిప్పోక్యాంపస్ వెనక భాగం మిగతావాళ్ళకంటే పెద్దదిగా ఉందని చూపింది. "పుట్టుకతోనే అది పెద్దగా ఉన్నవాళ్ళే డ్రైవర్లు అవుతున్నారేమో" అని ఎవరైనా అడగొచ్చు. అందుకే తర్వాత శిక్షణకు చేరిన 79 మందిని మొదట్లో ఒకసారి, వాళ్ళలో మళ్ళీ వచ్చినవాళ్ళను మూడు నాలుగేళ్ళ తర్వాత ఇంకోసారి స్కాన్ చేశారు. 2011లో ఫలితం ప్రచురించారు. మొదట్లో అందరూ ఒక్కలాగే ఉన్నారు. పరీక్ష గట్టెక్కిన 39 మందిలో మాత్రమే ఆ భాగం పెరిగింది. వీళ్ళంతా పెద్దవాళ్ళే.

సామెత పూర్తిగా అబద్ధమని కూడా అనను. చూపు, పుట్టుభాష ధ్వనుల వంటి కొన్నిటికి చిన్నతనంలో ఒక అదను ఉంటుంది. అది దాటాక నేర్చుకున్న భాషలో యాస వదలడం కష్టం. పిల్లల మెదడు చుట్టూ ఉన్నదాన్ని ఊరికే పీల్చుకుంటుంది, మనది అలా పీల్చుకోదు. మాను వంగుతుంది గానీ గాలికి వంగదు, పట్టుకుని వంచాలి. ఆ వంచే పద్ధతే ఇక్కణ్ణుంచి.

1. ఒక్క పని ఎంచుకోండి, నిజంగా కావలసింది ఎంచుకోండి

మెదడుకు పదును పెడతామనే ఆటల యాప్‌లు చాలా ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు, సరదాకి ఆడుకోండి. కానీ ఆ ఆటలు ఆడితే ఆ ఆటల్లోనే చేయి తిరుగుతుంది. జ్ఞాపకశక్తి మొత్తం పెరిగి రోజువారీ పనులన్నిటికీ పనికొస్తుందన్న మాటకు గట్టి ఆధారం లేదు. మెదడులో మార్పు చాలావరకు ఏ పని చేశామో దానికే అతుక్కుని ఉంటుంది. ఆ టాక్సీ డ్రైవర్లనే తీసుకోండి. దారుల విషయంలో దిట్టలే, కానీ చిక్కు బొమ్మ ఒకటి చూపించి కాసేపాగి గీయమంటే మామూలువాళ్ళకంటే వెనకబడ్డారు.

కాబట్టి ఇంగ్లీషు మాట్లాడాలని ఉంటే ఇంగ్లీషే మాట్లాడాలి. దానికి ముందు "జ్ఞాపకశక్తి పెంచుకుందాం" అని వేరే దారి పట్టొద్దు. ఎంచుకునేది కొత్తదిగా, కాస్త కష్టంగా ఉండాలి. 2014లో డెనిస్ పార్క్ బృందం అరవై దాటినవాళ్ళకు మూడు నెలల పాటు వారానికి సగటున పదహారున్నర గంటలు డిజిటల్ ఫొటోగ్రఫీ, బొంతలు కుట్టడం వంటివి నేర్పింది. కబుర్లు, విహారాలతో అంతే సమయం గడిపినవాళ్ళతో పోలిస్తే కొత్త పని నేర్చుకున్నవాళ్ళ జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఎప్పటినుంచో వచ్చిన పనినే ఇంకాస్త ఎక్కువగా చేస్తే హాయిగా ఉంటుందేమో గానీ, మెదడుకు మారాల్సిన అవసరమే రాదు.

ఒకేసారి రెండు మూడు మొదలుపెట్టకండి. ఎంచుకున్నదాన్ని కూడా చిన్న ముక్క చేసి కాగితం మీద రాయండి. "గిటార్ నేర్చుకోవాలి" అని కాదు, "ఈ మూడు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఆగకుండా మార్చగలగాలి" అని. నేను మొదట రాసుకున్నది "మధ్య వరస కీలు చూడకుండా" అని, అంతే.

2. రోజూ ఇరవై నిమిషాలు, ఫోను పక్క గదిలో

మొదటిసారి మొదలుపెట్టినప్పుడు నేను ఆదివారాలు రెండు గంటలు కూర్చునేవాణ్ణి. మళ్ళీ ఆదివారానికి చేతులు మొదటికొచ్చేవి. వారానికి రెండు గంటలు ఒక్క దెబ్బన చేసేకంటే, రోజుకు ఇరవై నిమిషాలు చేయడం ఎంతో మేలు. కారణం ఐదో అడుగులో చెబుతాను.

ఫోను సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి. 1993లో మెదడు శాస్త్రవేత్త మైకేల్ మెర్జెనిక్ ప్రయోగశాల నుంచి కోతుల మీద ఒక ప్రయోగం వెలువడింది. కొన్ని కోతులకు ధ్వనుల మధ్య చిన్న తేడాలు గుర్తుపట్టడం నేర్పారు. ఆ ధ్వనులకు స్పందించే మెదడు ప్రాంతం వాటిలో విస్తరించింది. వేరే కోతికి అవే ధ్వనులు వినిపించారు, కానీ దానికి అప్పగించిన పని స్పర్శకు సంబంధించింది. ధ్వనులు చెవిన పడ్డాయి, మెదడులో ధ్వని పటం మాత్రం అలా మారలేదు. అంటే చెవిన పడితే సరిపోదు, చెవి ఒగ్గాలి. ధ్యాస పెట్టినప్పుడు విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ వంటి రసాయనాలు "ఇది ముఖ్యం, ఇక్కడ మార్చు" అని ముద్ర వేస్తాయి. టీవీ చూస్తూ భాషా పాఠాలు వినేవాళ్ళకు ఏళ్ళు గడిచినా నోరు తిరగకపోవడానికి ఇదే కారణం.

ఫోనును బోర్లా పెట్టడం కాదు, పక్క గదిలో పెట్టండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చోండి. పొద్దునా రాత్రా అన్నది మీ ఇష్టం. నిద్ర ముంచుకొచ్చే వేళ మాత్రం వద్దు.

3. తడబడే చోటే కూర్చోండి

అన్నిటిలోకీ ముఖ్యమైన అడుగు ఇదే. మనలో ఎక్కువమంది చేయనిదీ ఇదే.

సాధనకు కూర్చోగానే మనం ముందు వచ్చినదాన్ని వాయిస్తాం. వచ్చిన పద్యమే చదువుతాం, వచ్చిన లెక్కే చేస్తాం. చక్కగా సాగుతుంది, సంతోషంగా లేస్తాం. ఆ ఇరవై నిమిషాల్లో మెదడులో పెద్దగా ఏమీ జరగలేదు. మారాలని దానికి ఎవరూ చెప్పలేదు మరి. కోతుల మెదళ్ళలో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను పరిశీలించిన వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ 1990లలో ఒక సంగతి గమనించాడు. జరగబోయేది ముందే తెలిసినప్పుడు ఆ కణాలు మామూలుగానే ఉంటాయి. అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా వచ్చినప్పుడే వాటిలో కదలిక వస్తుంది. ఆ తేడానే నేర్చుకునేందుకు సంకేతం. తప్పు పోవడం, వెంటనే అది తప్పని తెలియడం, మళ్ళీ ప్రయత్నించడం, ఈ మూడూ కలిస్తేనే పాఠం.

ఎలా చేయాలంటే, ఇరవై నిమిషాల్లో మొదటి రెండు మూడు నిమిషాలు వచ్చినదాంతో చేతులు వేడెక్కించుకోండి. తర్వాత నేరుగా తడబడే చోటికి వెళ్ళండి. నాకు ఉంగరపు వేలు, చిటికెన వేలు మాట వినేవి కావు. ఆ రెండు వేళ్ళతో కొట్టాల్సిన మాటలనే ఒక పది ఏరి వాటి మీదే కూర్చున్నాను. ఐదారుసార్లలో ఒకసారి తప్పు వస్తుంటే సరైన చోట ఉన్నట్టు లెక్క (ఇది నా అంచనా మాత్రమే, శాస్త్రం కాదు). అసలు తప్పే రాకపోతే కష్టం పెంచండి. సగానికి సగం తప్పులైతే తగ్గించండి, లేకపోతే విసుగొచ్చి లేచిపోతారు.

ఇంకో మాట, మెల్లగా చేయండి. చిరాకు పుట్టేంత మెల్లగా. మెదడుకు మంచి అలవాటు, చెడ్డ అలవాటు అన్న తేడా తెలియదు, ఏది ఎక్కువసార్లు చేస్తే అది బలపడుతుంది. వేగంగా తప్పు కొడుతుంటే తప్పే చేతికి ఒంటబడుతుంది. ఇది మరీ ముదిరితే ఏమవుతుందో కొందరు వాయిద్యకారుల్లో కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి తీవ్ర సాధనలో రెండు వేళ్ళు ఎప్పుడూ కలిసి కదలడం వల్ల మెదడులో వాటి చోట్లు కలగాపులగమై, ఒకటి కదిపితే రెండోది ముడుచుకుపోయే పరిస్థితి వస్తుంది. దాన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. మార్పుకు లొంగే గుణం వరమే, కానీ అది ఎటైనా లొంగుతుంది. మనకు అంత దూరం రాదులెండి, అయినా మొదటి నెల వేగం లెక్కపెట్టుకోకుండా ఉంటే మంచిది. తప్పు కొట్టగానే ఆగి, ఆ మాటంతా మళ్ళీ మెల్లగా సరిగ్గా కొట్టండి. ఆ ఒక్క అక్షరం చెరిపి దిద్దుకుని ముందుకు పోతే, తప్పు కొట్టి దిద్దుకోవడమనే అలవాటే నేర్చుకున్నట్టు.

4. పుస్తకం మూసి గుర్తుచేసుకోండి

చేతి పనులకు మూడో అడుగు ఎంతో, చదివి గుర్తుపెట్టుకోవాల్సినవాటికి ఇది అంత. కొత్త మాటలు, సూత్రాలు, చరిత్ర, వైద్యం, ఏదైనా సరే.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడతే చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివిన గుంపే గెలిచింది, 83 శాతానికి 71 శాతం. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్ళకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్ళకు 61 శాతం గుర్తుంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందో ముందే అంచనా వేయమన్నప్పుడు ఎక్కువ ధీమా చూపింది మాత్రం, ఊరికే చదివిన గుంపే.

మళ్ళీ చదివితే అక్షరాలు పరిచయంగా కనిపిస్తాయి. ఆ పరిచయాన్నే వచ్చేసింది అనుకుంటాం. మూసి గుర్తుచేసుకుంటే నోటి చివరిదాకా వచ్చి ఆగిపోతుంది, చిరాకేస్తుంది, ఏమీ రాలేదనిపిస్తుంది. ఆ వెతుకులాటలోనే సినాప్సులకు పని పడుతుంది.

ఒక పేజీ చదవగానే మూసేయండి. తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయండి, రాత ఇష్టం లేకపోతే పైకి చెప్పండి. తర్వాతే తెరిచి చూసి, వదిలేసినవాటిని వేరే రంగుతో చేర్చండి. రేపు మొదలుపెట్టాల్సింది ఆ రంగు మాటలతోనే. కొత్త భాషలో మాటలైతే కాగితం ముక్కకు ఒక వైపు తెలుగు, ఇంకో వైపు ఆ భాష మాట రాయండి. తెలుగు వైపు చూసి రెండోది చెప్పడం కష్టం, కాబట్టి ఎక్కువగా అదే చేయండి.

5. ఎడం ఇవ్వండి, కాస్త మరచిపోనివ్వండి

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పెద్దమనిషి అర్థంలేని అక్షరాల గుంపులను వేల సంఖ్యలో తనే బట్టీపట్టి, తనే పరీక్ష పెట్టుకుని, ఎంత వేగంగా మరచిపోతున్నాడో లెక్కగట్టాడు. 1885లో ప్రచురించాడు. గంటలోపే సగానికి పైగా, ఒక రోజులో మూడింట రెండొంతులు పోయింది. కానీ నేర్చుకోవడాన్ని కొన్ని రోజుల మీద పరిస్తే మొత్తం శ్రమ తగ్గిందని కూడా ఆయనే గమనించాడు.

ఎందుకలా? దీని లోపలి కథ సముద్రపు నత్తలో దొరికింది. అప్లీసియా అనే ఆ నత్తకు సుమారు 20,000 న్యూరాన్లే ఉంటాయి. దాన్ని తాకితే మొప్పను లోపలికి లాక్కుంటుంది, పదేపదే తాకితే ప్రమాదం లేదని నేర్చుకుని లాక్కోవడం తగ్గిస్తుంది. ఒకే విడతలో 40 సార్లు తాకడంకంటే, రోజుకు పదిసార్ల చొప్పున నాలుగు రోజులు తాకితే ఆ పాఠం ఎంతో ఎక్కువ కాలం, వారాల తరబడి నిలిచింది. తాకిన సంఖ్య మాత్రం ఒక్కటే. ఎరిక్ కాండెల్ బృందం ఇలాంటి ప్రయోగాలు దశాబ్దాల పాటు చేసి, కొద్దిసేపు నిలిచే జ్ఞాపకానికి అప్పటికే ఉన్న సినాప్సులోనే రసాయన మార్పు చాలనీ, ఎక్కువ కాలం నిలిచేదానికి జన్యువులు పనిచేసి కొత్త ప్రొటీన్లు తయారై, సినాప్సుల రూపమే మారాలనీ తేల్చింది. కాండెల్‌కు 2000లో నోబెల్ వచ్చింది. ఇంటికి గది కట్టినట్టే ఇది కూడా. ఇవాళ వేసిన వరస ఆరాకే రేపటి వరస.

నేను పాటించిన ఎడం ఇది: నేర్చుకున్న మర్నాడు ఒకసారి, మూడో రోజు, వారానికి, పదిహేను రోజులకు, నెలకు. ఇది శాసనం కాదు. మరీ సులువుగా గుర్తొస్తుంటే ఎడం పెంచండి, అస్సలు గుర్తురాకపోతే తగ్గించండి. కాస్త మసకబారాక మళ్ళీ పట్టుకోవడమే దీని కిటుకు. పరీక్ష రేపే అయితే ఈ అడుగు వల్ల లాభం లేదు, రాత్రంతా బట్టీకొట్టి రాసేయండి. వారం తర్వాత అందులో పెద్దగా ఏదీ మిగలదని తెలిసి కొట్టండి, అంతే.

6. కలిపి చేయండి

ఒకే రకం లెక్కలు ఇరవై చేయకుండా, మూడు రకాలు కలగలిపి చేయండి. ఈతలో అయినా, వాయిద్యంలో అయినా ఇదే. 2008లో జరిగిన ఒక ప్రయోగంలో పన్నెండుమంది చిత్రకారుల బొమ్మలు చూపించి ఎవరి శైలి ఏదో గుర్తుపట్టమన్నారు. ఒక్కొక్కరి బొమ్మలన్నీ వరసగా చూసినప్పటికంటే కలగలిపి చూసినప్పుడు ఎక్కువ గుర్తుపట్టారు. విచిత్రమేమిటంటే, పరీక్ష అయిపోయాక అడిగినా ఎక్కువమంది "వరసగా చూసిందే బాగా ఎక్కింది" అన్నారు. తొలి వారం మాత్రం కలపొద్దు, ఒక్కోదానిపై కాస్త పట్టు చిక్కనివ్వండి.

7. నిద్రపోండి, నడవండి

సాధన అయిపోయాక మెదడు పని అయిపోదు. 2002లో మాథ్యూ వాకర్, సహచరులు కొందరికి ఎడమ చేత్తో కీల మీద ఒక చిన్న వరస వేగంగా కొట్టడం నేర్పారు. రాత్రి నిద్ర తర్వాత అదనపు సాధన లేకుండానే వేగం దాదాపు 20 శాతం పెరిగింది. అంతే సమయం మెలకువగా గడిపితే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. రాత్రి ఎంత కొట్టినా కుదరని మాట పొద్దున లేచి కూర్చోగానే చేతికి రావడం నేను చాలాసార్లు చూశాను. నిద్ర తగ్గించి సాధన పెంచుకునేవాళ్ళు ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కుంటున్నట్టే.

నడక మాట కూడా తీసిపారేయొద్దు. 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 55 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 120 మంది పాల్గొన్నారు. వారానికి మూడు రోజులు, క్రమంగా పెంచుకుంటూ నలభై నిమిషాల దాకా, ఏడాది పాటు చురుగ్గా నడిచినవాళ్ళకు హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళలో అది కొద్దిగా తగ్గింది.

సాధనకు వీలుపడని రోజున

ప్రయాణంలో ఉంటారు, జ్వరం వస్తుంది, వాయిద్యం దగ్గర ఉండదు. ఆ రోజు కళ్ళు మూసుకుని మనసులోనే చేయండి. మెదడు శాస్త్రవేత్త పాస్కల్-లియోన్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో పియానో రానివాళ్ళకు ఐదు వేళ్ళ పాఠం ఒకటి ఇచ్చి, రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు చేయించారు. కొందరు నిజంగా వాయించారు, కొందరు పియానో ముందు కూర్చుని ఊహించుకున్నారు. వేళ్ళను కదిలించే మెదడు ప్రాంతంలో ఇద్దరికీ మార్పు వచ్చింది. వాయించినవాళ్ళే మెరుగ్గా వాయించారు, అది న్యాయమే. కానీ ఊహించినవాళ్ళు ఆ తర్వాత ఒక్క పూట నిజంగా వాయించగానే దాదాపు అందుకున్నారు. ఊహ అంటే "నేను గొప్పగా వాయిస్తున్నాను" అనుకోవడం కాదు. ఏ వేలు, తర్వాత ఏ వేలు, వరస తప్పకుండా మనసులో కదపడం.

మూడో వారం గండం

మొదటి వారం ఉత్సాహంగా గడుస్తుంది, రెండో వారం ఎలాగో గడుస్తుంది. మూడో వారానికి ముందుకంటే వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది. నేను రెండుసార్లు వదిలేసింది అక్కడే. రెండు వేళ్ళతో నిమిషానికి ముప్పై మాటలు కొట్టేవాణ్ణి, పది వేళ్ళతో పన్నెండుకు పడిపోయాను. ఆఫీసులో అర్జెంటు పని వచ్చిందంటే టెన్షన్‌లో పాత పద్ధతికే వేళ్ళు పరుగెత్తేవి.

ఇది ఓటమి కాదు, రెండు అలవాట్ల పోటీ. పాతది చెరిగిపోదు, పక్కన కొత్తది కట్టాలి. కట్టడం పూర్తయ్యేదాకా ఒత్తిడి పెరిగినప్పుడల్లా పాతదే గెలుస్తుంది. కాబట్టి ముందే ఒక ఒప్పందం చేసుకోండి. ఇరవై నిమిషాల సాధనలో పాత పద్ధతికి చోటే లేదు. బయట అర్జెంటు పనిలో దాన్ని వాడినా తప్పులేదు. మూడోసారి నేను ఇలా చేశాను కాబట్టే నిలబడ్డాను. రోజువారీ పనిలో కూడా మారడం రెండో నెలలో మొదలుపెట్టాను, ముందు తొందర లేని ఉత్తరాలతో.

అలవాటుకు 21 రోజులు చాలంటారు. ఆ లెక్క నమ్మి ఇరవై రెండో రోజున నిరాశపడకండి. లండన్‌లో 96 మంది మీద చేసిన అధ్యయనంలో రోజువారీ చిన్న పనులు అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కొంప మునగలేదు. రోజువారీ స్కోరు చూసుకోకండి, అది ఎగుడుదిగుడుగానే ఉంటుంది. ఆదివారం ఒక్కసారి రాసుకోండి, నెల తర్వాత నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

పక్షవాతం తర్వాత నేర్చుకునేవాళ్ళకు ఒక మాట

ఇదే సూత్రం వైద్యంలోనూ వాడతారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ రూపొందించిన చికిత్సలో మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం సేపు బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయిస్తారు, రెండు వారాలు, రోజూ గంటల తరబడి శిక్షణతో. 222 మంది రోగుల మీద జరిగి 2006లో వెలువడిన పరీక్షలో చేతి వాడకం మెరుగుపడి ఏడాది తర్వాత కూడా నిలిచింది. అందరికీ ఇది కుదరదు, కొంతైనా కదలిక మిగిలి ఉండాలి. పడిపోయే ప్రమాదమూ ఉంటుంది కాబట్టి ఫిజియోథెరపిస్టు లేకుండా ఇంట్లో సొంతంగా మొదలుపెట్టొద్దు.

8. వచ్చాక కూడా వారానికొకసారి

2004లో జర్మనీలో కొందరికి మూడు బంతులు గాల్లో ఎగరేసి పట్టుకోవడం మూడు నెలలు నేర్పి స్కాన్ చేశారు. కదలికను చూసే ప్రాంతంలో మెదడు పదార్థం పెరిగింది. మూడు నెలలు ఆట మానేయమని మళ్ళీ స్కాన్ చేస్తే ఆ పెరుగుదల చాలావరకు తగ్గిపోయింది. తర్వాత అరవై ఏళ్ళ ప్రాయం వాళ్ళతో చేసి చూశారు. బంతులు పట్టడం కుర్రాళ్ళంత మందికి రాలేదు గానీ, నేర్చుకున్నవాళ్ళ మెదడులో మార్పు వచ్చింది, మానేశాక అదీ తగ్గింది.

అందుకని చేయి తిరిగాక రోజూ కూర్చోనక్కర్లేదు గానీ, వారానికి ఒక ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి. రోజువారీ పనిలో వాడుకలో ఉంటే అదీ అక్కర్లేదు. వాడుకలో లేని ముక్కలకే ఆ సమయం ఇవ్వండి. నాకు అక్షరాలు ఇప్పుడు చూడకుండానే పడుతున్నాయి, నిమిషానికి నలభై పైచిలుకు మాటలు. అంకెల వరస మాత్రం నేనెప్పుడూ సరిగా నేర్చుకోలేదు, ఈ వ్యాసంలో సంవత్సరాలన్నీ కీబోర్డు చూసే కొట్టాను. ఈ నెల ఇరవై నిమిషాలూ వాటికే.